పడేదెవరు? పట్టేదెవరు?
నాటక బృందాల 'నమ్మకం ఆటలు' - ఒక దళిత విమర్శ

పులివెందులలో ఒక బడి హాలు. ఎండాకాలం సెలవులు. బెంచీలన్నీ గోడకు నెట్టేసి, మధ్యలో జంపఖానా పరిచి, ఇరవై మందికి పైగా పిల్లలు వలయంగా నిలబడి వున్నారు. పిల్లలంటే డిగ్రీ చదివేవాళ్ళు, చదువు ఆపేసి పనికి పోతున్నవాళ్ళు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నుంచి వచ్చారు. వూళ్ళల్లో వీధినాటికలు వేసే బృందాన్ని తయారుచెయ్యాలని ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన మూడు రోజుల శిక్షణ అది. నన్ను పాటలు చెప్పటానికి పిలిచారు.

మొదటిరోజు పొద్దున్నే ట్రైనర్ 'నమ్మకం ఆట' మొదలుపెట్టాడు. ఒకరు వలయం మధ్యలోకి రావాలి. కళ్ళు మూసుకోవాలి. ఒళ్ళు కట్టెలాగా బిగించి వెనక్కి వాలాలి. చుట్టూ వున్నవాళ్ళు చేతులతో పట్టుకుని మళ్ళీ నిలబెట్టాలి. ఒక్కొక్కరూ వస్తున్నారు, పడుతున్నారు, నవ్వుతున్నారు. మాదిగపల్లె నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడి వంతు వచ్చింది. మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"నేను పడను సార్" అన్నాడు.

"ఎందుకప్పా? పట్టుకోను ఇంతమందిమి వున్నాం గదా!"

"మా వూర్లో గూడా శానామంది వుండారు సార్."

అందరూ నవ్వారు. ట్రైనరూ నవ్వాడు. సాయంత్రం సమీక్షలో మాత్రం ఆ కుర్రాడి పేరు పక్కన 'నమ్మకం సమస్య వుంది' అని రాసుకున్నాడు.

సమస్య ఎవరిది? పడనన్నవాడిదా, పడమన్న ఆటదా? ఈ ప్రశ్న వేసుకోకుండా మన నాటక బృందాలు ఈ ఆటలు ఆడుతూ పోతున్నాయి. దళిత యువజన బృందాలు కూడా ఆడుతున్నాయి. ఆటలు చెడ్డవని కాదు నా వాదన. ఈ ఆట నమ్మకాన్ని ఎవరి దగ్గర అడుగుతోంది, ఎవరిని అడగకుండా వదిలేస్తోంది అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన విషయం.

ఆటల పుట్టుక

ముందు ఈ ఆటలకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఇవి పనిలేనివాళ్ళు కాలక్షేపానికి కట్టినవి కావు. చికాగో నగరంలో వలస కూలీల పేటలో 'హల్ హౌస్' అనే సేవాకేంద్రం వుండేది. 1920లలో అక్కడ నీవా బాయిడ్ దగ్గర ఆటల ద్వారా నేర్పే పద్ధతి నేర్చుకున్న వయోలా స్పోలిన్, తర్వాత వలస కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పటానికి సొంతంగా ఆటలు తయారుచేసింది. ఒకరి భాష ఒకరికి రాని పిల్లల్ని ఒకచోట చేర్చటానికి ఉపన్యాసం పనికిరాదు, ఆట పనికొస్తుంది. ఆమె పుస్తకం 1963లో వచ్చింది. అప్పట్నుంచీ నాటక శిక్షణకు అదొక పాఠ్యపుస్తకం అయింది.

రెండోపేరు అగస్టో బోల్ (1931-2009). బ్రెజిల్ నాటకకర్త. సైనిక ప్రభుత్వం 1971లో ఆయన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టింది. తర్వాత దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1973లో పెరూ దేశంలో అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. పాలో ఫ్రేరీ చదువు గురించి చెప్పినదాన్ని ఆయన నాటకంలోకి తెచ్చాడు. చూసేవాడు చూస్తూ కూర్చోకూడదు, లేచి నాటకంలోకి వచ్చి కథను మార్చాలి అన్నాడు. 'పీడితుల రంగస్థలం' 1974లో వచ్చింది. నటులకూ, నటులు కానివాళ్ళకూ ఆయన పోగుచేసిన ఆటల పుస్తకం 1992లో ఇంగ్లీషులో వచ్చింది. బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి ఈ పద్ధతిని గ్రామాల్లోకి తీసుకుపోయింది. అంతకు ముందే 1970లలో బాదల్ సర్కార్ స్టేజీ, తెర, టిక్కెట్టు అన్నీ వదిలేసి 'మూడో నాటకరంగం' అని బయల్దేరాడు. నటుడి ఒంటినే నాటక సామగ్రి చేశాడు. ఆయన కూడా వర్క్‌షాపుల ద్వారానే బృందాలు కట్టాడు.

అయితే ఇదే వెనక్కి పడే ఆటను కంపెనీలు తమ మేనేజర్లకు కూడా ఆడిస్తాయి. కూలీ బిడ్డలకూ పనికొచ్చి, కంపెనీ మేనేజరుకూ పనికొచ్చే ఆటలో ఏదో ఒకటి జారిపోయి వుండాలి. ఏం జారిపోయిందో బోల్ స్వయంగా చెప్పుకున్న ఒక అనుభవంలో దొరుకుతుంది.

ఆయన తొలిరోజుల్లో తన బృందంతో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతానికి పోయాడు. భూమి కోసం ఆయుధం పట్టండి, రక్తం ధారపోయండి అని రైతులకు నాటకం వేశారు. చివర్లో నటులు తుపాకులు పైకెత్తి పాడారు. నాటకం అయ్యాక విర్జీలియో అనే రైతు వచ్చి, మీరు మా మనసులో మాట చెప్పారు, రండి, భోంచేసి మీ తుపాకులతో మాతో కలిసి భూస్వామి మనుషుల్ని తరుముదాం అన్నాడు. ఇవి ఉత్తుత్తి తుపాకులని వీళ్ళు నసిగారు. ఫర్వాలేదు, మా దగ్గర నిజం తుపాకులున్నాయి, మీరు రండి చాలు అన్నాడు. వీళ్ళు నిజమైన నటులమే గానీ నిజమైన రైతులం కామని చెప్పుకోవాల్సి వచ్చింది. అంటే ధారపోయమన్నది ఎవరి రక్తం? మాదా, మీదా? ఆ రైతు తేల్చింది ఇదే. తాను దిగని ప్రమాదంలోకి ఇంకొకణ్ణి దిగమనకూడదు అన్నది ఆరోజు బోల్ నేర్చుకున్న పాఠం. ఆయన ఆటలన్నిటి కిందా ఈ పాఠం వుంది. మన వర్క్‌షాపులకు ఆటల జాబితా వచ్చింది, విర్జీలియో రాలేదు.

తాకటం అనే మొదటి మెట్టు

బోల్ తన ఆటల్ని ఐదు రకాలుగా విభజించాడు. మొదటి రకం తాకుడుకు సంబంధించినది. మనం రోజూ తాకుతుంటాం గానీ ఆ తాకిడిని అనుభవించం, మొద్దుబారిన ఆ ఇంద్రియాన్ని నిద్రలేపాలి అని ఆయన ఆలోచన. బ్రెజిల్‌కు అది సరిపోవచ్చు. మన వూళ్ళో తాకుడు మొద్దుబారి లేదు. మహా మెలకువగా వుంది. ఎవరు ఎవర్ని తాకాలి, ఎంత దూరంలో నిలబడాలి, నీళ్ళు ఎంత ఎత్తునుంచి పొయ్యాలి అన్నది ప్రతి ఒంటికీ కంఠతా వచ్చు. 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి, బడి, బావి, టీ దుకాణం, గుడి, మంగలి షాపు, ఒక్కొక్కచోటా అంటరానితనం ఏ రూపంలో బతికి వుందో నమోదు చేసింది. రెండు గ్లాసుల పద్ధతి పాతకథ అనుకునేవాళ్ళు దాన్ని చదవాలి.

బోల్ ఆటల్లో చాలా పేరున్నది ఇంకొకటి వుంది. ఒకరు అరచెయ్యి చాచి ఇంకొకరి మొహానికి జానెడు దూరంలో పెడతారు. చెయ్యి ఎటు పోతే మొహం అటు పోవాలి. ఆ దూరం పెరగకూడదు, తగ్గకూడదు. చెయ్యి కిందికి దిగితే ఎదుటివాడు నేలమీద పాకాలి. పులివెందుల హాల్లో ఈ ఆట కూడా ఆడించారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇది మనం వర్క్‌షాపులో నేర్చుకోవాల్సిన ఆటా? తాకకుండా, ఒక కొలత దూరంలో వుంచి, చెయ్యి చూపించి మనిషిని వంచటం మన వూరికి వందల ఏళ్ళుగా తెలిసిన విద్య కాదూ? తేడా ఒక్కటే. ఆటలో ఐదు నిమిషాల తర్వాత చేతులు మారతాయి. వూళ్ళో మారవు.

నిజానికి ఆ ఆట పెట్టిందే అధికారం ఒంటిమీద ఎట్లా పనిచేస్తుందో చూపటానికి. ఆడించాక కూచోబెట్టి, ఇట్లా నిన్ను ఎవరు నడిపిస్తున్నారు, నువ్వు ఎవర్ని నడిపిస్తున్నావు అని అడగాలి. మా హాల్లో అడిగింది, "ఎలా అనిపించింది? సరదాగా వుందా?" అని. అందరూ సరదాగా వుందన్నారు. అధికారాన్ని బయటపెట్టాల్సిన ఆట అధికారాన్ని సరదా చేసి వదిలేసింది.

పేరు ఆట సంగతి కూడా చెప్పాలి. ఇది అన్నిటికన్నా అమాయకంగా కనిపించే ఆట. బంతి విసురుకుంటూ ఎవరి పేరు, ఎవరి వూరు వాళ్ళు చెప్పాలి. మన జిల్లాలో పేరు చెప్తే ఇంటిపేరు అడుగుతారు. వూరు చెప్తే వూళ్ళో ఏ పక్క అని అడుగుతారు. రెండిటికీ జవాబు దాటేస్తే "మీరేమిటోళ్ళు?" అని సూటిగానే అడుగుతారు. బంతి పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి ఎవరు ఎవరో అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూచున్నారో చూస్తే ఆ బంతి ఏం పని చేసిందో అర్థమైంది. పొద్దున ఒకరినొకరు చేతుల్లో పట్టుకున్నవాళ్ళే. ఆటలో తాకటం ఆటలోనే ముగిసింది. పళ్ళెం దగ్గరికి రాలేదు.

పడిపోవటం గురించి అంబేడ్కర్ ఏం చూశాడు

పడిపోవటం, పట్టుకోవటం మనకు ఆట కాదని చెప్పటానికి అంబేడ్కర్ జీవితంలోంచి ఒక సంఘటన చాలు. 1929లో ఆయన అంటరానివాళ్ళ ఇబ్బందుల మీద బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ పోయాడు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు తీసుకుపోను టాంగా కావాలి. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలటానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. తమ నాయకుణ్ణి నడిపించి తీసుకుపోవటం అవమానమనుకున్నారు వాడవాళ్ళు. టాంగా మాత్రం బాడుగకు తీసుకుని, తోలటం రాని తమ మనిషినే కూచోబెట్టారు. వంతెన మీద చక్రం రాళ్ళలో ఇరుక్కుంది. అంబేడ్కర్ ఎగిరి రాతినేల మీద పడ్డాడు. కాలు విరిగింది. టాంగా, గుర్రం నదిలో పడ్డాయి.

ఈ సంఘటనను నమ్మకం ఆటగా చదవండి. పడింది ఎవరు? విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చిన బారిస్టరు. పట్టుకోవాల్సింది ఎవరు? రోజూ ఎందరినో పడిపోకుండా చేర్చే టాంగావాడు. వాడికి నేర్పు లేక కాదు, తాకుడు పనికిరాక పట్టుకోలేదు. నమ్మినవాళ్ళు నమ్మకం తక్కువై పడెయ్యలేదు, పగ్గాలు పట్టే అవకాశం వాళ్ళకు ఎన్నడూ రాక పడేశారు. వాడవాళ్ళకు అంబేడ్కర్ మీద నమ్మకముంది, అంబేడ్కర్‌కు వాడవాళ్ళ మీద నమ్మకముంది. అయినా కాలు విరిగింది. కాబట్టి నమ్మకం అనేది ఇద్దరు మనుషుల మనసుల్లో పుట్టే మెత్తటి భావం మాత్రమే కాదు. పగ్గాలు ఎవరి చేతిలో వున్నాయి, పనితనం ఎవరికి నేర్పారు, ఎవరికి నేర్పలేదు అన్నదాని మీద అది నిలబడుతుంది.

ఇప్పుడు పులివెందుల కుర్రాడి దగ్గరికి తిరిగి రండి. అతనికున్నది సమస్య కాదు, జ్ఞాపకం. అది ఒక్కడి జ్ఞాపకం కూడా కాదు. అమ్మ చెప్పిందీ, పల్లె చూసిందీ, అతను బడిలో అనుభవించిందీ కలిసి ఒళ్ళు నేర్చుకున్న తెలివి. ఆ తెలివిని 'భయం' అని పేరుపెట్టి, దాన్ని పోగొట్టుకోమని చెప్పటం ఏం శిక్షణ? వెనక వున్నది ఎవరో చూడకుండా వాలకూడదని తరతరాలు నేర్పిన పాఠాన్ని, ఒక పొద్దున జంపఖానా మీద మరిచిపొమ్మంటే ఎట్లా?

ఫ్యాక్షన్ సీమలో నమ్మకం

పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల్లో నమ్మకం అన్నమాటకు ఇంకో బరువు వుంది. ఫ్యాక్షన్ రోజులు చూసిన వూళ్ళివి. అక్కడ 'నమ్మకస్తుడు' అంటే నాయకుడి వెనక నడిచేవాడు, అవసరమైతే ముందు నిలబడి బాంబు తీసుకునేవాడు. నాయకుడు పడకుండా చూడటానికి వీడు పడాలి. పల్లెల్లో ఎందరో పేదకులాల వాళ్ళు ఎవరి పగలకోసమో జైళ్ళకు పోయారు, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నారు. వాళ్ళ నమ్మకానికి ఏ లోటూ లేదు. వాళ్ళ నాశనానికి కారణం ఆ నమ్మకమే. ఇట్లాంటి నేల మీద యువకులకు 'నమ్మండి, కళ్ళు మూసుకోండి, వాలండి' అని నేర్పటం ఎంత ప్రమాదమో ఆలోచించాలి. మన పిల్లలకు నేర్పాల్సింది కళ్ళు తెరిచి నమ్మటం. అవసరమైనప్పుడు నమ్మను అని చెప్పటం. ఆరోజు ఆ హాల్లో రాజకీయ చైతన్యం వున్న మాట ఒక్కటే వినిపించింది. దాన్ని సమస్య అని రాసుకున్నారు.

ఆడపిల్లల మాట ఇంకా వుంది. కళ్ళకు గంతలు కట్టి, ఇంకొకరు చెయ్యి పట్టుకుని నడిపించే ఆటలో ఒక దళిత అమ్మాయి మధ్యలోనే గంతలు విప్పేసి పక్కకు పోయి కూచుంది. ఎవరూ ఏమీ అడగలేదు. దళిత స్త్రీకి తాకుడు లేకపోవటం ఒక్కటే కాదు బాధ. పగలు అంటరాదన్నవాళ్ళే ఆమెను అడక్కుండా తాకటం కూడా ఆమె అనుభవమే. తాకటమే విముక్తి అని ఆట అనుకుంటే, ఆమెకు అది సగం నిజం. నన్ను ఎవరు తాకాలో నేను చెప్తాను అనే హక్కు వున్నప్పుడే తాకటం విముక్తి అవుతుంది. ఆ హక్కు ఆట నియమాల్లో ముందు వుండాలి. మనం దాన్ని చివర్లో కూడా పెట్టటంలేదు.

మన దగ్గర నమ్మకం ఎట్లా పుట్టింది

ఈ ఆటలు రాకముందు మన నాటకాలవాళ్ళు ఒకర్నొకరు నమ్మలేదా? పులివెందులకు దూరం కాని చక్రాయపేట మండలంలోనే సురభి అనే వూరుంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించాడు. ఆ వూరి పేరే ఆ నాటక సమాజాలకు పేరైంది. సురభి వాళ్ళు 'మాయాబజార్' లాంటి నాటకాల్లో మనుషుల్ని గాల్లోకి ఎగరేస్తారు. తాడుకు వేలాడే నటి ప్రాణం తెర వెనక తాడు లాగేవాడి చేతిలో వుంటుంది. అంతకన్నా పెద్ద నమ్మకం ఆట ఏముంది? ఆ నమ్మకం వాళ్ళకు వర్క్‌షాపులో రాలేదు. తాడు లాగేవాడు అన్నో మామో అయివుంటాడు. నిన్న తాడు లాగినవాడే ఇవాళ వేషం కడతాడు. ఇవాళ ఎగిరినామె రేపు తెర లాగుతుంది. పనిలోంచి, వంతులోంచి, రోజూ కలిసి తినటంలోంచి వచ్చిన నమ్మకం అది. దాని పరిమితి కూడా అక్కడే వుంది. అది ఒక కుటుంబం లోపలి నమ్మకం. నెత్తురు చుట్టరికం మీద నిలిచిన నాటకం కులం గోడను దాటే పద్ధతిని మనకు చూపించలేదు.

పద్యనాటకం సంగతి చూడండి. మన జిల్లాల్లో 'సత్య హరిశ్చంద్ర' చూడని వూరుండదు. ఆ కాటిసీనులో నటులు జాషువా శ్మశానం పద్యాలు తెచ్చి కలిపారు. జనం వన్స్‌మోర్లు కొట్టారు. అంటే అంటరానివాడి పద్యం స్టేజీ ఎక్కింది, రాజవేషం వేసినవాడి నోట పలికింది. జాషువా పుట్టిన పేటల్లోని పిల్లోడు అదే స్టేజీ ఎక్కి రాజవేషం కట్టటానికి ఎన్నేళ్ళు పట్టింది? పద్యాన్ని నోటితో తాకినవాళ్ళు మనిషిని చేత్తో తాకటానికి వెనకాడారు. తప్పెట కథా అంతే. వీధినాటిక అనగానే అందరికీ తప్పెట కావాలి. స్టేజీ మీద దాన్ని మెళ్ళో వేసుకుని ఫొటో దిగుతారు. తోలు తీసిన చెయ్యి, తప్పెటను మంట దగ్గర కాచిన చెయ్యి ఎవరిదో బ్యానరు మీద వుండదు.

జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ పనిచేసిన పల్లెల్లో ఇంకో చరిత్ర వుంది. చర్చిలో క్రిస్మస్ నాటకం మన పిల్లలు ఎందరికో మొదటి స్టేజీ. గొర్రెలకాపరి వేషం వేసినా, జ్ఞాని వేషం వేసినా జనం ఎదుట నిలబడి మాట్లాడటం అక్కడ నేర్చుకున్నారు. దానిమీద విమర్శలు ఎన్నైనా వుండొచ్చు గానీ, ఏ ఆటా ఆడకుండానే ఆ పిల్లల్లో తడబాటు పోయింది. ఎందుకంటే ఎదురుగా కూచున్నవాళ్ళు వాళ్ళ వాళ్ళే. పడితే పట్టుకునేవాళ్ళే.

ఇక మన ఆడపిల్లలు ఆడే ఒప్పులకుప్ప. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు కత్తెరగా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. ఇందులో పడేవాళ్ళు, పట్టేవాళ్ళు అని వేరువేరుగా లేరు. ఒకరు చెయ్యి వదిలితే ఇద్దరూ పడతారు. ఇద్దరి కళ్ళూ తెరిచే వుంటాయి, ఒకరి మొహం ఒకరు చూస్తూ వుంటారు. వెనక్కి పడే ఆటలో ప్రమాదం ఒక్కరిది, దయ మిగతావాళ్ళది. ఒప్పులకుప్పలో ప్రమాదం సమానం, కాబట్టి బాధ్యతా సమానం. విర్జీలియో అడిగింది ఈ ఆటనే.

తిరగేస్తే సరిపోతుందా?

కొందరు మిత్రులు అంటారు, అయితే ఆట తిరగేద్దాం, అగ్రకులాల పిల్లల్ని ముందు పడమందాం, దళితులు పట్టుకుంటారు అని. వినటానికి బావుంది. ఆరోజు మా హాల్లో ఒకసారి అదే జరిగింది కూడా. పెద్దకులం అబ్బాయి హాయిగా కళ్ళు మూసుకుని వాలాడు. ఎందుకంత హాయి? వాళ్ళ పల్లకీ మోసింది ఎవరు? వాళ్ళ పొలం పని, శవం పని చేసింది ఎవరు? మన చేతులు పట్టుకుంటాయని వాళ్ళకు ఎప్పుడూ అనుమానం లేదు. వాళ్ళ బరువు మొయ్యటం మనకు కొత్త కాదు. తిరగేసిన ఆట కూడా పాత వెట్టినే ఇంకోసారి చేయించింది. కాబట్టి ఎవరు ముందు పడాలన్నది ఒక్కటే ప్రశ్న కాదు. పడ్డప్పుడు ఎవరికి ఏం పోతుందన్నది అసలు ప్రశ్న.

ఇంకో అభ్యంతరం మన లోపలినుంచే వస్తుంది. ఆటలో కులం తెస్తే బృందం చీలిపోతుంది, ఐక్యత పోతుంది అని. ప్రజానాట్యమండలి 1943లో పుట్టింది, జననాట్యమండలి 1972లో. నిర్బంధాల మధ్య నాటకాలు వేసినవాళ్ళ త్యాగాన్ని తక్కువ చెయ్యలేం. అయితే కామ్రేడ్ అని పిలుచుకున్నంత మాత్రాన కులం పోదని కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత రచయితలు చెప్పాల్సి వచ్చింది. కులం మాట ఎత్తినవాడు బృందాన్ని చీల్చటం లేదు. అప్పటికే వున్న చీలికను చూపిస్తున్నాడు.

ఈ చూపుడువేలు మన వైపు కూడా తిరగాలి. మాల, మాదిగ పిల్లలు ఒకే వలయంలో నిలబడినప్పుడు అందరూ ఒకటే అని మనం గబగబా అనేస్తాం. 1994లో దండోరా లేచిన తర్వాత కూడా అట్లా అనటం నిజాయితీ కాదు. వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి ఇచ్చేదాకా ముప్ఫై ఏళ్ళు ఆ పోరాటం నడిచింది. ఆ ముప్ఫై ఏళ్ళలో మన మధ్య పోయిన నమ్మకాన్ని గురించి మాట్లాడని దళిత నాటక బృందం ఇతరుల్ని నిలదీసే హక్కును సగం పోగొట్టుకుంటుంది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆరోజు నేనూ పడ్డాను. వలయం నన్ను పట్టుకుంది. ఒక్క క్షణం ఒళ్ళు తేలికైన మాట నిజం. ఎప్పుడూ తల వంచుకుని నిలబడే ఒక అమ్మాయి అద్దం ఆటలో ఎదుటిమనిషి కళ్ళలోకి సూటిగా చూడటం నేను చూశాను. ఆ ఒక్కటి చాలు ఈ ఆటల్ని పారెయ్యకూడదనటానికి. పారెయ్యొద్దు. మనవిగా చేసుకోవాలి.

ఏం చెయ్యాలి?

మొదటిది, వెనక్కి పడే ఆటతో శిక్షణ మొదలుపెట్టకూడదు. సమాన ప్రమాదం వున్న ఆటలు ముందు. ఒప్పులకుప్ప, జట్టుగా బరువు ఎత్తే ఆటలు, కోలాటం, చెక్కభజన అడుగులు. చెక్కభజనలో ఒకరి అడుగు తప్పితే వరసంతా తప్పుతుంది. అది అందరికీ తెలిసిన భాష.

రెండు, ఆడను అనే హక్కును మొదటి నియమంగా గోడమీద రాయాలి. ఆడనన్నవాడి పేరు పక్కన ఏమీ రాయకూడదు. వీలైతే ఎందుకు ఆడనన్నాడో ఆరోజు చర్చ అదే కావాలి.

మూడు, ఆట అయ్యాక 'ఎలా అనిపించింది' దగ్గర ఆగకూడదు. ఇట్లా వూళ్ళో ఎవరు ఎవర్ని పట్టుకుంటారు, ఎవర్ని వదిలేస్తారు అని అడగాలి. అక్కణ్ణుంచే నాటిక పుడుతుంది. విడిగా స్క్రిప్టు వెతుక్కోనక్కర్లేదు.

నాలుగు, ఆట బయటి పనిని కూడా ఆటలాగే వంతులు వెయ్యాలి. హాలు ఊడ్చేదెవరు, ఎంగిలి పళ్ళేలు తీసేదెవరు, తప్పెట మోసేదెవరు, మైకు ముందు మాట్లాడేదెవరు, దొరవేషం ఎవరిది, జీతగాడి వేషం ఎవరిది? మా శిక్షణలో చివరిరోజు నాటికలో తాగుబోతు వేషం, జీతగాడి వేషం మన పిల్లలకే వచ్చాయి. 'సహజంగా చేస్తారు' అన్నారు. కలెక్టరు వేషం ఎవరికి సహజమో ఎవరూ అడగలేదు. మూడు రోజుల నమ్మకం ఆటలు ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

ఐదోది అన్నిటికన్నా కష్టమైనది. నాటిక అయిపోయి బృందం జీపెక్కి వెళ్ళిపోతుంది. ఆ వూరి పల్లెలో పిల్లలు మిగులుతారు. రెండు గ్లాసుల మీద నాటిక వేసిన మర్నాడు టీ అంగడిలో గొడవైతే, పనులు బందు పెడితే, ఎవరు తిరిగొస్తారు? అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టం కింద కేసు పెట్టినప్పుడు సాక్షి సంతకం పెట్టేదెవరు? చుండూరు కేసులో ఎనిమిది మందిని చంపిన పదహారేళ్ళకు, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. అన్నేళ్ళూ కోర్టు మెట్లు ఎక్కిన బాధితులకు, సాక్షులకు ఎవరు ఎంతదూరం తోడు నిలబడ్డారు అన్నదే నమ్మకానికి అసలు పరీక్ష. జంపఖానా మీద చేతులు చాచటం సులభం. సాక్షిబోనులో చెయ్యెత్తి ప్రమాణం చెయ్యటం కష్టం. బృందం కట్టే ముందు ఈ సంగతి మాట్లాడుకోవాలి. నాటిక వల్ల ఎవరికి దెబ్బ తగిలినా వాళ్ళ వెంట స్టేషనుకు పోయేదెవరు, కోర్టుకు పోయేదెవరు, పని పోతే ఇంటికి గింజలు పంపేదెవరు అని పేర్లతో సహా రాసుకోవాలి. ఆ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళు ఆ తర్వాత ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు.

ఆ కుర్రాడు మూడు రోజులూ పడలేదు. కానీ మిగతావాళ్ళు పడ్డ ప్రతిసారీ వలయంలో నిలబడి పట్టుకున్నాడు. ఒక్కరిని కూడా వదల్లేదు. నమ్మకం గురించి ఆ హాల్లో ఎవరి దగ్గరైనా నేర్చుకోవాల్సింది వుంటే అది అతని చేతుల దగ్గర. అతన్ని పడమని అడిగే ముందు మన చేతులు ఎక్కడున్నాయో మనం చూసుకోవాలి.